వాడిపట్టి కాలువ, తేక్కడి తెప్ప

మదురై ప్రాంతపు తెలుగువాళ్లకు తెప్ప అనగానే వండియూరు తెప్పకుళం గుర్తుకొస్తుంది. 17వ శతాబ్దంలో తిరుమల నాయకుడు తవ్వించిన కోనేరు అది. తై పూసం నాడు మీనాక్షీ సుందరేశ్వరులు తెప్ప మీద ఊరేగుతుంటే, గట్టున నిలబడి మోకులు పట్టి లాగేది జనమే. అక్కడ తెప్ప దేవుడిది, మోకు మనది. మనమే ఎక్కి కూర్చోదగిన తెప్పలు తేక్కడిలో, పెరియారు పులుల అభయారణ్యంలో ఉన్నాయి. ఆ తెప్ప కింది నీటికీ, మన వాడిపట్టి వరిమళ్లకూ దగ్గర చుట్టరికం ఉంది. ఆ సంగతి ఇవాళ చెప్పుకుందాం.

పెరియారు పడమటి కనుమల్లో పుట్టి అరేబియా సముద్రంలో కలిసే నది. కొండకు అవతల వాన దండిగా కురుస్తుంటే, ఇవతల వైగై లోయ మబ్బుకేసి చూస్తూ ఉండేది. 1876–78లో వచ్చిన ధాత కరువు దక్షిణాదిన లక్షలాది ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే, ఎప్పటినుంచో అనుకుంటున్న పథకం కాగితం మీదినుంచి కదిలింది. 1886లో తిరువాన్కూరు సంస్థానంతో 999 ఏళ్లకు కౌలు ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు ఇంజనీరు పెన్నీకుయిక్ ఆధ్వర్యంలో పని మొదలయింది. కట్టినదాన్ని వరదలు కొట్టుకుపోయాయి. మలేరియాతో ఎందరో కూలీలు ఆ అడవిలోనే కన్నుమూశారు. చివరకు 1895 అక్టోబరులో, సున్నం, సుర్ఖీలతో కట్టిన ఆనకట్టను మద్రాసు గవర్నరు వెన్‌లాక్ ప్రారంభించాడు.

అసలు విచిత్రం ఆనకట్ట కాదు, సొరంగం. కొండను మైలుకు పైగా తొలిచి, పడమటికి పోయే నీటిని తూర్పుకు తిప్పారు. ఆ నీరు కంబం లోయలోకి దిగి, సురుళియారుతో కలిసి వైగైలో పడుతుంది. పేరణై దగ్గర పెరియారు కాలువలోకి మళ్లి వాడిపట్టి పొలాలకు చేరుతుంది. 1959లో వైగై డ్యాము వచ్చాక ఈ నీటికి దారిలో ఒక మజిలీ కూడా ఏర్పడింది.

ఇక ఆనకట్టకు పైన ఏమైంది? లోయలో నీళ్లు నిలిచి అడవి మునిగింది. అప్పుడు చచ్చిన చెట్ల మోళ్లు ఈనాటికీ నీళ్లలో నిలబడే ఉన్నాయి. సరస్సు చుట్టూ ఉన్న అడవిని 1899లో రిజర్వు చేశారు. 1934లో తిరువాన్కూరు మహారాజు దాన్ని అభయారణ్యం చేశాడు. 1978లో అది పులుల అభయారణ్యమయింది. అంటే, మన మళ్లు తడపడానికి నింపిన చెరువే ఏనుగుల రేవయింది.

ఆ సరస్సులో పెద్ద మోటారు పడవలు నడుస్తాయి. కాని వెదురు తెప్ప అనుభవం వేరు. ముందు అడవిలో కొంతదూరం నడవాలి. తర్వాత మోళ్ల మధ్యగా, తెడ్డు చప్పుడు తప్ప మరో చప్పుడు లేకుండా తెప్ప సాగుతుంది. గైడులలో కొందరు ఒకప్పుడు ఇదే అడవిలో దొంగచాటుగా దాల్చినచెక్క ఒలిచినవాళ్లు. 1990ల చివర వచ్చిన పర్యావరణాభివృద్ధి పథకం వాళ్ల చేతికి ఈ బతుకుతెరువు ఇచ్చింది. దొంగదారులు ఎరిగినవాళ్లే ఇప్పుడు అడవికి కాపలా కాస్తున్నారు.

వెళ్లేవారికి ఒక్క మాట. 2009 సెప్టెంబరు 30న ఇదే సరస్సులో ఒక పర్యాటక పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇస్తే బరువనుకోకుండా తొడుక్కోండి. ఏనుగు కనబడిందని లేచి నిలబడకండి, అందరూ ఒకే పక్కకు ఒరగకండి. నిండు నీటికి మొహమాటం లేదు.

తిరిగి వచ్చాక ఒక సాయంత్రం వాడిపట్టి కాలువ గట్టున కాసేపు కూర్చోండి. పారే ఆ నీళ్లు ఏ మోళ్ల మధ్యనుంచి, ఏ కొండ కడుపులోంచి, ఎందరి చెమట మీదుగా వచ్చాయో మీకే తెలుస్తుంది. అప్పుడు మడవ కట్టే చేయి ఒక్క చుక్కనూ వృథాగా పోనివ్వదు.