ఇనుమును కోయు జ్వాల

ఇంటి పెరటిలో చిన్న పాక వేసికొని, పాత యినుప సామాను కొని తెచ్చి, గేట్లు, కిటికీ చట్రములు, నాగటి కఱ్ఱులు తామే సవరించుకొను ఉత్సాహవంతులు మన ఊళ్లలో అక్కడక్కడ కనబడుచుందురు. అట్టి మిత్రు లొకరు ఈ మధ్య మమ్ము కలిసికొని, దళసరి యినుప పలకలు కోయుటకు టార్చి యొకటి కొనదలచితిమనియు, దానికి ఎసిటిలీను వాయువు మంచిదో, ప్రొపేను మంచిదో చెప్పుమనియు అడిగిరి. వారు మా యొద్ద ఒక్క మాటలో జవాబు నాశించిరి. ఒక్క మాట జవాబు లేకపోలేదు. కాని ఈ రెండు వాయువులును మనుష్యుని చేతికి వచ్చిన తీరు తెలిసికొన్నగాని ఆ మాటకు విలువ యుండదు.

ముందుగా ఒక భ్రమ తొలగించుకొనవలెను. రోడ్డు ప్రక్క వెల్డింగు షాపులో ఇనుము కోయుట చూచువారికి మంటయే లోహమును కరగించి తెగగొట్టుచున్నట్లు తోచును. నిజమున కది యట్లు కాదు. మన కమ్మరి ఇనుమును కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, దాగలిపై నుంచి, ఉలి పెట్టి సమ్మెటతో కొట్టి త్రుంచును. అక్కడ తెంచునది ఉలి. నిప్పు దానికి సాయము మాత్రమే. టార్చిలోను ఇంచుమించు అదే వ్యవస్థ. మంట చేయవలసిన పని, ఇనుమును ఒక చోట సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి చేయుట. ఇనుము కరగవలెనన్న 1,500 డిగ్రీలు దాటవలెను; కాని 900 డిగ్రీల ప్రాంతముననే, స్వచ్ఛమైన ప్రాణవాయువు తగిలినచో, అది ఎండుకట్టెవలె అంటుకొని మండును. మీట నొక్కగానే టార్చి ముక్కు నడిమి రంధ్రమునుండి ప్రాణవాయువు ధారగా వెలువడి, ఇనుమును మండించి, పుట్టిన చిట్టెమును క్రిందికి ఊదివేయును. ఏండ్ల తరబడి తుప్పు చేయు పనినే ప్రాణవాయువు ఇక్కడ క్షణములో చేయుచున్నదన్నమాట. ఇక్కడ ఉలి ప్రాణవాయువే. ఇత్తడి, అల్యూమినియము, పోత యినుము, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు ఈ ఉలికి చక్కగా లొంగకపోవుటకు కారణము, అవి మామూలు ఉక్కువలె మండి తొలగిపోకుండుటయే.

ఈ సంగతి ఎసిటిలీను రంగములోనికి రాకముందే కొందరకు తెలియును. ఇంగ్లండులో థామస్ ఫ్లెచర్ అనునతడు 1888లో బొగ్గు గ్యాసును ప్రాణవాయువుతో కలిపి మండించి ఇనుప పలకలకు రంధ్రములు చేసి చూపెను. 1901లో జర్మనీలో ఎర్నెస్టు మెన్నె, ఉక్కు కర్మాగారములలో కొలిమి నోట గడ్డకట్టిన ఇనుమును ప్రాణవాయువు ధారతో మండించి తొలగించు పద్ధతి కనిపెట్టెను. వేడి చేయు మంటను, కోయు ధారను ఒకే సాధనమున అమర్చిన టార్చి బెల్జియములో ఫెలిక్స్ జోత్రాండు కృషివలన 1904 ప్రాంతమున రూపొందినది. మరి ఇంత జరిగిన తరువాత ఎసిటిలీనునకు ఈ రాజ్యమున సింహాసన మెట్లు లభించినది?

దాని కథ 1836లో మొదలగును. సుప్రసిద్ధుడైన హంఫ్రీ డేవీకి జ్ఞాతియగు ఎడ్మండు డేవీ, పొటాసియము తయారుచేయబోయి మిగిలిన నల్లని పదార్థమును నీటిలో వేయగా, మిక్కిలి కాంతితో మండు కొత్త వాయు వొకటి బయలుదేరెను. 1860లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తెలో దానినే మరల సాధించి ఎసిటిలీను అని పేరు పెట్టెను. అయినను మఱి ముప్పది యేండ్లు అది ప్రయోగశాల దాటి రాలేదు. దానిని వీధిలోనికి తెచ్చినది ఒక పొరపాటు. 1892లో అమెరికాలోని ఉత్తర కరొలినా రాష్ట్రమున స్ప్రే అను ఊరిలో, థామస్ విల్సన్ అను కెనడా దేశస్థుడు విద్యుత్కొలిమిలో అల్యూమినియము చౌకగా తీయవలెనని ప్రయత్నించుచుండెను. సున్నమును తారును కలిపి కాల్చగా కోరిన లోహము రాలేదు; నల్లని పెళుసు ముద్ద వచ్చెను. దానిని నీటిలో పడవేయగా గ్యాసు పొంగెను. అది ఉదజని కావచ్చునని తలచి వెలిగించి చూడగా, ఉదజనివలె మసి లేకుండ మండుటకు బదులు, కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగుతోను, దట్టమైన మసితోను మండెను. ఆ ముద్దయే కాల్షియము కార్బైడు. సున్నము, బొగ్గు, విద్యుత్తు, వీనితో చౌకగా తయారగు ఆ రాయి డబ్బాలలో ఊరూరికి పోయెను. సైకిలు దీపములు, గనిలో పనివారి దీపములు, మోటారు కార్ల ముందు దీపములు దానితో వెలిగినవి.

మన గృహిణులకు కార్బైడు మామిడికాయల మూలమున పరిచయము. కాయలు మాగుటకు కొందరు వర్తకులు గంపలలో పెట్టు పొట్లములు అవియే. తేమ తగిలి వెలువడు ఎసిటిలీను కాయకు రంగు తెచ్చును గాని తీపి తేలేదు. పైగా ఆ రాతిలోని మలినములు విషతుల్యములు. వెల్లుల్లిని పోలిన ఆ వాసన వానిదే. ఈ పద్ధతి మన దేశమున నిషిద్ధము. నిషిద్ధమైనను పూర్తిగా పోలేదని బజారుకు వెళ్లు వారికి చెప్పనక్కరలేదు.

దీపము నుండి టార్చికి దారి చూపినవాడు పారిసు నగరమందలి ల షాతెల్యే. ఎసిటిలీనును దానికి సమాన పరిమాణముగల ప్రాణవాయువుతో మండించినచో 3,000 డిగ్రీలు మించిన వేడిమి పుట్టునని ఆయన 1895లో ప్రకటించెను. అంతకు మించిన వాయుజ్వాల నాటికి ఎవరికిని తెలియదు. కొలది యేండ్లకే, 1901కిని 1903కిని నడుమ, ఫ్రాన్సులో ఫూషే, పికార్ అను నిద్దరు ఆ జ్వాలను అదుపులో నుంచు టార్చిని నిర్మించిరి. ఉక్కును ఉక్కుతో కరగించి అతుకుట దానితో సాధ్యమాయెను. ఆ సామాను అప్పటికే చేతిలో నున్న పనివాడు, కోతకు కూడ అదే వాయువును వాడుకొనుట సహజము. 1898లో హవానా రేవులో మునిగిన అమెరికా యుద్ధనౌక మెయిన్ శిథిలములను 1911, 1912 సంవత్సరములలో తొలగించినప్పుడు ఉక్కును ముక్కలు చేసినది ప్రాణవాయువు, ఎసిటిలీనుల టార్చియే. ఆ విధముగా అతుకు పనిలో గెలిచిన కీర్తి కోత పనికి కూడ సంక్రమించినది.

కాని ఎసిటిలీను లొంగని గుఱ్ఱము. దానిని గాలి చొరకుండ మూసి యుంచినను, వట్టి ఒత్తిడి చాలును; తనంత తానే విచ్ఛిన్నమై ప్రేలును. ద్రవముగా మార్చి అమ్మజూచిన వారికి 1896లో పారిసు నగరమున జరిగిన ప్రేలుడు ఆ సంగతి బోధించినది. మరుసటి సంవత్సరమునకు జార్జి క్లాడ్, ఆల్బర్టు హెస్ ఒక ఉపాయము పన్నిరి. ఎసిటోను అను ద్రవము, మామూలు ఒత్తిడిలోనే, తన పరిమాణమునకు ఇరువదియైదు రెట్ల ఎసిటిలీనును కరగించుకొనును. ఒత్తిడి పెంచిన కొలదియు ఇంకను ఎక్కువ. అందుచేత సిలిండరును సన్నని రంధ్రములుగల పదార్థముతో నింపి, దానిలో ఎసిటోను పీల్పించి, ఆ ఎసిటోనులో వాయువును దాచిరి. నేటికిని ఎసిటిలీను సిలిండరు లోపల ఖాళీ డొల్ల కాదు. అది గట్టి స్పంజివంటిది.

ఆ స్పంజిని కుదుపులకు చెక్కుచెదరనట్లు తీర్చినవాడు స్వీడను దేశీయుడు గుస్తాఫ్ డలేన్. సముద్రములో మనుష్యసంచారము లేని రాళ్లమీద దీపస్తంభములను నెలల తరబడి వెలిగించుట ఆయన సంకల్పము. చీకటి పడగానే తనంత వెలిగి, తెల్లవారగానే తనంత ఆరు సూర్యకవాటమును 1907లో కల్పించెను. 1912 సెప్టెంబరులో, ఎసిటిలీను సిలిండర్ల భద్రతను పరీక్షించుచుండగా, ఒకటి ప్రేలెను. ఆయన ప్రాణములు దక్కినవి గాని కన్నులు రెండును పోయినవి. కొన్ని వారములకే ఆ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమాన మాయన కని ప్రకటించిరి. డిసెంబరులో సభకు పోయి దానిని స్వీకరించినవాడు తమ్ముని బదులు వచ్చిన అన్నగారు ఆల్బిన్, ఆయన నేత్రవైద్యుడు. నావికుల కందరకు వెలుగు చూపిన డలేన్, 1937లో మరణించు వరకు, ఇరువదియైదేండ్లు చీకటిలోనే ఉండి తన కర్మాగారమును నడపెను. ఎసిటిలీను సిలిండరును చూచినప్పుడెల్ల మాకు ఈయన జ్ఞప్తికి వచ్చుచుండును.

ప్రొపేను కథలో ఇంత విషాదము లేదు. 1910లో అమెరికాలో వాల్టరు స్నెల్లింగు అను రసాయన శాస్త్రజ్ఞుని యొద్దకు, కారు కని కొన్న పెట్రోలు దారిలోనే ఆవిరియై పోవుచున్నదను ఫిర్యాదు వచ్చెను. ఆయన ఆ పెట్రోలును సీసాలో పట్టి చూడగా బిరడా మాటిమాటికి ఎగిరిపోవుచుండెను. అట్లు ఎగురగొట్టుచున్న వాయువులను వేరుచేయగా, వానిలో ప్రొపేను, బ్యూటేను ముఖ్యములని తేలెను. ఇవి కొద్ది ఒత్తిడికే ద్రవమగును. స్పంజి అక్కరలేదు, ఎసిటోను అక్కరలేదు. మన దేశమున 1955లో బొంబాయిలో బర్షేను పేరను, 1965లో కలకత్తాలో ఇండేను పేరను వంటయిండ్లకు వచ్చి, నేడు మనవారు గ్యాసు బండ యని పిలుచుచున్నది ఈ రెండింటి మిశ్రమమే. గుజరాతులోని అలంగు తీరమున పాత ఓడలను ముక్కలు చేయువారు వాడుచున్నదియు ప్రధానముగా ఈ గ్యాసే.

ఇక మిత్రుని ప్రశ్న. ప్రాణవాయువుతో ఎసిటిలీను మంట సుమారు 3,100 డిగ్రీలు, ప్రొపేను మంట సుమారు 2,800 డిగ్రీలు. ఇనుము అంటుకొనుటకు కావలసినది 900. కనుక కోతమట్టుకు రెండును చాలును. ప్రొపేనుతో మొదటి బిందువు ఎఱ్ఱబడుటకు మఱికొంత సేపు ఓపిక పట్టవలెను. అతుకు పని వేరు. ప్రొపేను మంటతో ఉక్కును సరిగా అతుకలేము. దానికి ఎసిటిలీనే శరణ్యము. ప్రొపేనునకు వేరొక లోపమును కలదు. టార్చిలో ఒక పాలు ఎసిటిలీనునకు ఇంచుమించు ఒక పాలు ప్రాణవాయువు చాలగా, ఒక పాలు ప్రొపేనునకు నాలుగు పాళ్లు పట్టును.

భద్రత విషయమున మేము ప్రొపేను వైపే మొగ్గుదుము. ఎసిటిలీను గాలిలో నూటికి రెండున్నర పాళ్లు మొదలు ఎనుబది పాళ్ల వరకు కలిసినను ప్రేలగలదు. ప్రొపేనునకు ఆ హద్దులు రెండు మొదలు తొమ్మిదిన్నర వరకే. ఎసిటిలీను గొట్టములో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము దాటరాదు. సిలిండరును పడుకోబెట్టి వాడరాదు, ఎసిటోను బయటికి వచ్చును. రాగి గొట్టము తగిలింపరాదు, ప్రేలెడు లవణము పుట్టును. డబ్బాలో కార్బైడు వేసి నీరు పోసి ఇంటిలోనే గ్యాసు తయారుచేసికొను ఆలోచన అసలే కూడదు. ప్రొపేను మాత్రము సాధువని తలపరాదు. అది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. కారినచో ఎగిరిపోక గోతిలోను, గడప మూలను నిలిచి నిప్పురవ్వకై కాచియుండును. దానికి తగిన ముక్కు, తగిన రబ్బరు గొట్టము వేరుగా కొనవలెను. ఏ గ్యాసైనను, మంట వెనుకకు పోకుండ ఆపు వాల్వులు రెండు గొట్టములకును ఉండవలెను. ప్రాణవాయువు మరలకు నూనె చుక్క తగులరాదు. వంటయింటి బండను పెరటిలోనికి దొర్లించుకొనిపోవుట చట్టవిరుద్ధము; ఈ పనికి వేరుగా వాణిజ్య సిలిండరు తీసికొనవలెను.

ఇవన్నియు చెప్పి, అతుకు పని కూడ చేయుదురా యని మిత్రుని అడిగితిమి. అతుకుటకు తన యొద్ద విద్యుత్తు వెల్డింగు యంత్రమున్నదనియు, టార్చి కోతకేననియు చెప్పి, ఆయన ప్రొపేనునే తెచ్చుకొనెను. నెల దినముల తరువాత కలిసినప్పుడు గ్యాసును గూర్చి ఏ ఫిర్యాదును చేయలేదు. ప్రాణవాయువు సిలిండరు మాత్రము అనుకొన్నదానికంటె ముందుగా ఖాళీ యగుచున్నదని గొణిగెను.