సన్నాయి బంధువులకు మూడు కానుకలు

ఒపేరాలు వ్రాసినవారు విడిగా వాద్యాలకోసం చేసిన రచనలను చిల్లర పనులుగా తీసివేయడం మనకు అలవాటు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎర్మానో వోల్ఫ్-ఫెరారీ బస్సూన్ రచన విన్న తరువాత ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

ఈయన 1876లో వెనిస్‌లో జన్మించాడు. తండ్రి జర్మన్ చిత్రకారుడు, తల్లి ఇటాలియన్. ఇద్దరి ఇంటిపేర్లనూ కలిపి తన పేరుగా చేసుకున్నాడు. గోల్డోనీ ప్రహసనాల ఆధారంగా కూర్చిన ఒపేరాలు కీర్తి తెచ్చాయి. చిత్రమేమంటే, వెనిస్ మాండలికంలోని ‘ఇ క్వాత్రో రూస్తెగి’ (నలుగురు మొరటువాళ్ళు) 1906లో తొలిసారి వినిపించింది మ్యూనిక్‌లో, అదీ జర్మన్ భాషలో! 1909 నాటి ‘సుసన్నా రహస్యం’ మరీ తమాషా. ఇంట్లో పొగాకు వాసన వస్తోందని భర్తకు అనుమానం. తీరా చూస్తే సిగరెట్లు కాల్చేది భార్యే.

1916లో తల్లి దేశం తండ్రి దేశంపై యుద్ధం ప్రకటించింది. నవ్వించే ఈ మనిషి స్విట్జర్లాండ్‌లో తలదాచుకున్నాడు. కలం దాదాపుగా ఆగిపోయింది.

ఓబోకు ‘ఇడిల్లియో-కన్చెర్తీనో’, బస్సూన్‌కు ‘సూట్-కన్చెర్తీనో’, రెండూ 1933 నాటివి. అప్పటికి ముసోలినీ పదకొండేళ్ళుగా ఇటలీని ఏలుతున్నాడు. ఆ జనవరిలోనే జర్మనీ హిట్లర్ చేతిలోకి వెళ్ళింది. ఇంతటి తేలిక సంగీతానికి అది సమయమా అని అడిగేవారుంటారు. ప్రశ్న న్యాయమైనదే. పలాయనం కొంత ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ వినండి. ఓబో, బస్సూన్ రెండూ మన సన్నాయిలాగే జంట రెల్లురేకుల పీకతో పలికేవి. వెనుక తంత్రీవాద్యాలు, రెండు హార్న్‌లు, అంతే. గాయకునికి చోటు విడిచినట్లే విడిచాడు. బస్సూన్‌ను వాద్యబృందపు విదూషకుడంటారు. హాస్యనాటకాలలో ఆరితేరిన ఈయన మొదటే దానిచేత గంతులు వేయించవచ్చు. అలా చేయలేదు. ‘నొత్తుర్నో’తో, అంటే రాత్రి పాటతో, మొదలుపెట్టాడు. రెండవ భాగం పేరు ‘స్త్రింపెల్లాతా’, ఏదో తోచినట్లు తీగలు మీటడం. హాస్యం అక్కడికి గాని రాదు. మూడవదానికి ‘కాంజోనె’, పాట, అని పేరు పెట్టాడు. విదూషకునికి ముందు మనసు ఇచ్చి, తరువాత మాట ఇచ్చాడన్నమాట. ఇది నాటకం తెలిసినవాని పని.

ఓబో కుటుంబంలోనే మంద్రంగా పలికే కోర్ ఆంగ్లేకు 1816లో పడుచువాడైన దొనిజెత్తీ ఒక కన్చెర్తీనో వ్రాశాడు. వోల్ఫ్-ఫెరారీ మాత్రం ఆ వాద్యం దగ్గరకు చివర, 1947లో, వచ్చాడు. మరో యుద్ధం ముగిసి రెండేళ్ళయింది. ఇందులోనూ ఒక ‘కాంజోనె’ ఉన్నది. మరుసటి జనవరిలో, పుట్టిన వెనిస్‌లోనే కన్నుమూశాడు.