ఆస్పత్రి గేటు దాటిన తరువాత



మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధులలో తిరిగిన మనుష్యుడు స్వస్థుడైన తరువాత, యేసు వెంటే ఉంటానని బతిమాలుకున్నాడు. ప్రభువు ఒప్పుకోలేదు. నీ యింటికి, నీ వారి యొద్దకు వెళ్ళమని పంపించాడు. ఆ ఇంటి తలుపు ఎవరు తీశారో సువార్తికుడు రాయలేదు. ఏళ్ళ తరబడి ఈ భాగం మీద ప్రసంగాలు చేశాము గాని, ఆ తలుపు మాకు తట్టింది ఈ మధ్యనే. (మానసిక రోగమంతా దయ్యమేనని మేము అనడం లేదు. అలా అని మాత్రలు మాన్పించినవారి వల్ల మన పల్లెల్లో జరిగిన నష్టం చాలు.)

ఆ తలుపు గురించి సుమారు నూట యాభై ఏళ్ళ క్రితమే బాధపడిన ఒక కాపరి ఉన్నాడు. పేరు హెన్రీ హాకిన్స్. లండన్ ఉత్తర శివారులో కోల్నీ హ్యాచ్ అనే చోట, బీదల కోసం 1851లో తెరిచిన పెద్ద పిచ్చాసుపత్రికి ఆయన చాప్లెయిన్, అంటే రోగుల మధ్య ఆరాధన జరిపించే కాపరి. పన్నెండు వందలమందికి పైగా పట్టేలా కట్టినా, కొన్నేళ్ళకే అది చాలక పెంచవలసి వచ్చింది.

డాక్టర్లు రోగం నయమైందా లేదా చూసేవారు. నయమైనవారు ఎక్కడికి పోతున్నారో హాకిన్స్ చూశాడు. అక్కడి బీద స్త్రీలలో చాలామంది పరుల ఇళ్ళలో పనిమనుషులు. అప్పటి ఇంగ్లండులో పనిమనిషికి యజమాని ఇల్లే నీడ. జబ్బు చేస్తే పని పోయేది, పనితోపాటు నీడా పోయేది. బాగై బయటికి వచ్చాక కొత్త ఇంట్లో పని అడిగితే, పాత యజమానురాలి ఉత్తరం తెమ్మనేవారు. ఇన్ని నెలలు ఎక్కడున్నావు అని అడిగేవారు. నిజం చెబితే తలుపు మూసుకునేది. ఇక మిగిలేది వర్క్‌హౌస్. పేరుకు బీదలకు ఆశ్రయమే గాని, అక్కడి బ్రతుకు జైలుకు దగ్గర. అదీ భరించలేక మనస్సు మళ్ళీ చెదిరితే, మళ్ళీ అదే ఆస్పత్రి.

హాకిన్స్ 1871లో మానసిక వైద్యుల పత్రికలో ఒక వ్యాసం రాశాడు. కోలుకుంటున్న బీదల కోసం విశ్రాంతి గృహాలు కావాలని అడిగాడు. ఎనిమిదేళ్ళు గడిచాయి. 1879లో మళ్ళీ రాశాడు. ఆ జూన్ నెలలో డాక్టర్ బక్‌నిల్ గారింట కొద్దిమంది కూర్చొని ఒక సంఘం పెట్టుకున్నారు. పిచ్చాసుపత్రుల నుండి బయటికి వచ్చే బీద, దిక్కులేని స్త్రీలకు తరువాతి ఆదరణ ఇచ్చే సంఘం అని దాని పొడుగాటి పేరుకు అర్థం. మరుసటి ఏడు లార్డ్ షాఫ్ట్స్‌బరీ అధ్యక్షుడయ్యాడు. ఫ్యాక్టరీ పిల్లల పని గంటలు తగ్గించాలని పోరాడిన ఆయనే.

అడిగింది భవనం. డబ్బు చాలలేదు. అందుచేత వాళ్ళు ఆ స్త్రీలను మామూలు కుటుంబాల ఇళ్ళలో కొన్ని వారాలు ఉంచి, వారానికి ఇంత అని ఆ ఇంటివారికి ఇచ్చారు. తొడుక్కోను మంచి బట్టలు ఇచ్చారు. పని వెదికి పెట్టారు. పనిలో చేరాక కూడా వెళ్ళి పలకరించారు. భవనం లేకపోవడమే మేలైందని మాకనిపిస్తుంది. మేమూ మందిరం పక్కన గది కడదామని రసీదు పుస్తకాలు అచ్చు వేయించినవారమే. ఆ పుస్తకాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

లోపాలు లేవని కాదు. మొదట స్త్రీలకే, పురుషులకు ఎన్నో ఏళ్ళ తరువాత. పనిలో పెట్టడమే గురి గనుక, పని చేయలేని మనిషికి అక్కడ చోటు తక్కువ. అయినా ఆ సంస్థ పేరు మార్చుకొని ఇంగ్లండులో నేటికీ పని చేస్తోంది.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. కుటుంబం రానివ్వలేదన్న కారణంతో మాత్రమే ఎవరినీ ఆస్పత్రిలో ఉంచరాదని అది చెబుతుంది. మంచి మాట. కాని పల్లెలో బస్సు దిగిన మనిషిని చట్టం వచ్చి ఇంటికి తీసుకుపోదు.

మా సంఘపు సహోదరి ఒకామె నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉంది. ప్రతి శుక్రవారం ఉపవాస కూడికలో ఆమె పేరెత్తి ప్రార్థించాము. ఆమె వచ్చిన రోజు మాత్రం మాలో ఒక్కరం ఎదురు వెళ్ళలేదు. తమ్ముడు ఇంట్లోకి రానివ్వలేదు. రెండు రాత్రులు మందిరం వరండాలో పడుకుంది. మేము వేరే ఊరి కూటాలలో ఉన్నాము. తిరిగి వచ్చి చూస్తే, చేతిలో డిశ్చార్జి కాగితం పెట్టుకొని కూర్చుంది. "అయ్యగారూ, బాగైందని రాసిచ్చారు, ఇది ఎవరికి చూపించాలి?" అంది. మా దగ్గర జవాబు లేదు. చివరకు ఒంటరిగా ఉండే ఒక విధవరాలు, "నా మంచం పక్కన చాప వేస్తే సరిపోతుందిలే అయ్యగారూ" అని తీసుకువెళ్ళింది. కమిటీ తీర్మానం, రసీదు పుస్తకం ఏదీ లేకుండానే.

వచ్చే గురువారం ఇంకొక సహోదరుడు తిరిగి వస్తున్నాడు. బస్సు సాయంత్రం ఐదున్నరకు. మేము, ఒక సంఘపెద్ద బస్టాండుకు వెళ్తున్నాము. గది దొరికింది, దుప్పట్లు రెండు వచ్చాయి. మాత్రలు అయిపోయే తేదీని మందిరం క్యాలెండరులో గుర్తు పెట్టాము. నెలనెలా ఆయనతో పట్నం వెళ్ళి, ఆస్పత్రి లైనులో నిలబడేవారు మాత్రం ఇంకా దొరకలేదు.