సరస్సుల యడుగున నిలిచిన ఋణము

సరస్సును జూచువారు నీటిని జూతురు గాని, దాని యడుగునున్న బురదను గమనింపరు. ఆ బురద నీటితో నెడతెగని ఋణవ్యవహారము నడపుచుండునని శాస్త్రజ్ఞులు గ్రహించిన వృత్తాంతమును నేఁడు విన్నవింతును.

కదలని నీటిలో నుప్పుకల్లును విడిచినచో, కలియఁబెట్టకున్నను ఉప్పు క్రమముగా నంతటను వ్యాపించును. ఎక్కువగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికిఁ బోవు నీ గమనమునకు విసరణమని పేరు. ఫ్రెంచి పండితుఁడగు ఫూరియే 1822లో ఉష్ణప్రసారమునకుఁ జెప్పిన గణితము ననుసరించి, జర్మను శరీరశాస్త్రజ్ఞుఁడు అడాల్ఫ్ ఫిక్ 1855లో దీనికి సూత్రము గల్పించెను. దూరము 10 రెట్లయినచోఁ గాలము 100 రెట్లగును. బురద రేణువుల నడిమి నీటిలో 1 సెంటీమీటరు దాఁటుటకు సుమారొక దినము పట్టు పదార్థమునకు, 1 మీటరు దాఁటుటకు 10,000 దినములు, అనఁగా సుమారు 27 సంవత్సరములు కావలయును.

అట్లు మెల్లగా పైకివచ్చు పదార్థము నీటఁ జేరుటకు మఱియొక కట్టడి గలదు. ఇంగ్లండు సరోవరప్రాంతమున క్లిఫర్డ్ మార్టిమర్ బురదను, నీటిని తొట్లలో నుంచి, కొన్నిటికి గాలి తగులనిచ్చి, కొన్నిటికిఁ దగులనీయక పరీక్షించెను. ఆయన 1941, 1942లలోఁ బ్రకటించిన ఫలితముల సారమిది: నీటిలో ప్రాణవాయువు గలంతకాలము బురద పైపొరలోని యినుము త్రుప్పు రూపమున నుండి భాస్వరమును బంధించి యుంచును. వేసవిలోఁ దేలికయైన వెచ్చని పైనీరు అడుగు చల్లని నీటితోఁ గలియదు. అడుగున ప్రాణవాయువు హరించును, త్రుప్పు కరఁగును, భాస్వరము విడివడి నీటఁ జేరును. అదియే నాచునకు ఎరువు.

దీని ఫలమును స్వీడను దేశమున వేక్షో పట్టణపు ట్రుమ్మెన్ సరస్సు చూపినది. 1950 తరువాతి దశకము ముగియు నాటికే పట్టణపు మురుగు దానిలోఁ బడకుండ నాఁపివేసిరి. అయినను పదియేండ్లకుఁ బైఁగా నీరు తేటపడలేదు. పూర్వము పేరుకొన్న భాస్వరమును బురద తిరిగి యిచ్చుచునే యుండెను. తుదకు 1970లో నరమీటరు, 1971లో నరమీటరు బురదను తోడివేసిన పిమ్మటనే సరస్సు కోలుకొనెను.

చెఱువు పూడికమన్ను పొలములకుఁ దోలు మన రైతులకు ఆ మంటిలోని సారము చిరపరిచితమే. పొలమునకు సారమైనది నీటికి భారమగును. ఋణశేషము నగ్నిశేషమును మిగుల్పరాదని పెద్దలందురు. మురుగు నాఁపుట క్రొత్త యప్పు చేయకుండుట మాత్రమే. పాతయప్పు అడుగున నుండనే యుండును. కావున సరస్సును జెడనిచ్చి బాగుచేయుటకంటె, మొదటి కాలువ నాఁడే మేల్కొనుట మేలు.