మందు మానడానికి ఒక గది

మందు మాన్పించడానికి మనుషులు ప్రధానంగా రెండు దారులు తొక్కారు. ఒకటి చట్టం. రెండోది పదిమంది కూర్చుని మాట్లాడుకోవడం. మొదటిదానికి జీవోలు, పోలీసులు కావాలి. రెండోదానికి నాలుగు కుర్చీలు, ఒక కాఫీ పాత్ర చాలు. మా తోడల్లుడి కోసం బ్రాంప్టన్‌లో ఈ రెండో దారి వెతకాల్సి వచ్చినప్పుడు దాని చరిత్ర కూడా చదివాను. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మద్యనిషేధం మన ఆంధ్ర రాజకీయాల ప్రత్యేకత అనుకునేవాణ్ణి. కానీ మేముంటున్న ఒంటారియోలోనే 1916లో నిషేధం పెట్టారు. ఆ రోజుల్లో డాక్టరు చీటీ ఉంటే మందుల షాపులో విస్కీ దొరికేది. దాంతో చీటీలకు గిరాకీ పెరిగింది. 1927లో నిషేధం ఎత్తేసి, ఎల్‌సీబీఓ పేరుతో ప్రభుత్వమే దుకాణాలు తెరిచింది. 1962 దాకా సీసా కొనాలంటే పర్మిట్ ఉండాల్సిందే. ఇప్పుడు పరిస్థితి పూర్తిగా మారింది. 2024 సెప్టెంబర్ నుంచి మూలమీద చిల్లర కొట్టులో కూడా బీరు, వైను అమ్ముతున్నారు. మానాలనుకునేవాడు పాలకోసం వెళ్ళినా సీసాల పక్కనుంచే నడవాలి.

మన కథ మీకు తెలిసిందే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని అక్షరాలు దిద్దుతూ, సారా వల్ల ఎవరింట్లో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. 1992లో ఆ జిల్లాలో సారా పాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, దాన్ని పుట్టించింది మాత్రం ఆ రాత్రిబడి. ఎవరింటి గుట్టు వాళ్ళింట్లోనే ఉండాలన్న కట్టుబాటు అక్కడ తెగింది.

అయితే దూబగుంటలో మాట్లాడింది తాగేవాళ్ళ భార్యలు. తాగేవాళ్ళే నోరు విప్పిన కథ అమెరికాలో మొదలైంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పనిమీద ఒహాయోలోని ఆక్రన్ వెళ్ళాడు. పని చెడింది. ఆయన దిగిన హోటల్లో ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. ఆయన టెలిఫోన్ వైపు నడిచి, తనలాంటి తాగుబోతు ఇంకొకడు ఎవరైనా ఉన్నాడా అని చర్చివాళ్ళను వాకబు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. 1943లో టొరంటోకి వచ్చింది. 1957లో భారతదేశంలో అడుగుపెట్టింది. అక్కడ తొలి విత్తనం వేసినవాళ్ళలో చార్లీ అనే కెనడియన్ ఉన్నాడు. ఆ రకంగా మనకు కెనడాతో ఓ పాత చుట్టరికం ఉంది.

ఇక బ్రాంప్టన్‌లో. మీటింగు వెతకడం కష్టం కాదు, వెళ్ళడమే కష్టం. కనెక్స్ ఒంటారియోకి ఏ వేళ ఫోన్ చేసినా దారి చెబుతారు. 1990లో పీల్ ప్రాంతంలో మొదలైన పంజాబీ కమ్యూనిటీ హెల్త్ సర్వీసెస్ వారు మన దక్షిణాసియా కుటుంబాల పద్ధతి తెలిసినవాళ్ళు. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ముందు డాక్టర్ని కలిశాం.

కారు దిగే ముందు మా తోడల్లుడు అడిగాడు: “అన్నయ్యా, లోపల మనవాళ్ళెవరైనా ఉంటే?”

“ఉంటే వాళ్ళూ ఇందుకే వచ్చుంటారు కదా,” అన్నాను.

మీటింగుల్లో రెండు రకాలు. ఓపెన్ మీటింగుకి ఎవరైనా వెళ్ళొచ్చు. క్లోజ్డ్ మీటింగు మానాలనుకునేవాళ్ళకే. మాది మొదటి రకం కాబట్టి నన్నూ కూర్చోనిచ్చారు. ఫీజు లేదు, ఇష్టమైనవాళ్ళు చివర్లో బుట్టలో కాస్త వేస్తారు. చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. నన్ను ఆశ్చర్యపరిచింది పేర్ల పద్ధతి. మనవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎవరి తాలూకు అని ఆరా తీస్తాం. అక్కడ ఒక్క పేరు చాలు. ఇంటిపేరు లేకపోతే ఇంటి పరువు కూడా ఆ గదిలోకి రాదు. మా తోడల్లుడు మొదటి రోజు పేరు మాత్రమే చెప్పి కూర్చున్నాడు. మూడోవారం తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు మాట్లాడాడు. మా మరదలు కూడా 1951లో తాగేవాళ్ళ కుటుంబాల కోసం మొదలైన అల్-అనాన్‌కి వెళుతోంది.

అందరికీ ఈ పద్ధతి సరిపడదు. దేవుడి ప్రస్తావన కొందరికి ఇబ్బంది, కొందరికి కౌన్సిలింగు, మందులు కావాలి. కానీ ఏ దారిలో వెళ్ళినా, దాచుకున్నది ఎవరో ఒకరికి చెప్పడంతోనే మొదలవుతుంది.

“నాలుగు వాక్యాలూ తెలుగులో అయితే ఇంకా చెప్పేవాణ్ణి,” అంటాడు మా తోడల్లుడు. వాళ్ళ సంప్రదాయం ప్రకారం, మానడం కోసం ఇద్దరు తాగుబోతులు కలిసి కూర్చుంటే చాలు, దాన్ని గ్రూపు అనుకోవచ్చు. ఆక్రన్‌లోనూ ఇద్దరే. తెలుగు మాట్లాడే రెండోమనిషి కోసం ఆయన చూస్తున్నాడు.