మీ పూర్వీకులు ఎక్కడివాళ్ళు?

ఇంగ్లండ్‌లో కడుపుతో ఉన్న ఆడపిల్ల మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్ళగానే ఒక కాగితం ముందు పెడతారు. మీ పూర్వీకులు ఎక్కడివాళ్ళు, బిడ్డ తండ్రి పూర్వీకులు ఎక్కడివాళ్ళు అని. లండన్ ఆసుపత్రుల్లో దుబాసీగా ఆ ప్రశ్నను నేను చాలాసార్లు తెలుగులో అడిగాను. "కులం కూడా చెప్పాలా?" అన్నవాళ్ళున్నారు. వీసాకేమోనని భయపడ్డవాళ్ళూ ఉన్నారు. నిజానికి అది తలసీమియా, సికిల్ సెల్ అనే రెండు రక్తపు జబ్బుల కోసం.

ఆ కాగితం వెనక సైప్రస్ ద్వీపం కథ ఉంది. అక్కడ ఇంచుమించు ఏడుగురిలో ఒకరి ఒంట్లో తలసీమియా జన్యువు ఉంటుంది. ఒక్కరిలో ఉంటే బాధేమీ లేదు. భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటేనే చిక్కు: ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దానితోపాటు ఒంట్లో చేరే ఇనుమును దించడానికి మళ్ళీ మందు. లండన్‌లో స్థిరపడ్డ సైప్రస్ కుటుంబాల పిల్లలకు వైద్యం చేసిన డాక్టర్ బెర్నడెట్ మోడెల్, 1970లలో గర్భస్థ శిశువు రక్తాన్ని పరీక్షించే పద్ధతి తెచ్చినవారిలో ఒకరు. అయితే 18 వారాలు నిండేదాకా ఆగాల్సి వచ్చేది. 1980లలో మాయలోంచి చిన్న ముక్క తీసి డీఎన్‌ఏ చూడటం వచ్చాక మూడో నెలలోనే తెలిసిపోసాగింది. బిడ్డ కదలిక తెలిశాక నిర్ణయం తీసుకోవడం ఎలాంటిదో తల్లులకు వేరే చెప్పక్కర్లేదు.

సికిల్ సెల్ విషయంలో ఎలిజబెత్ అనియోన్వు అనే నర్సు 1979లో లండన్ బ్రెంట్‌లో సలహా కేంద్రం మొదలుపెట్టారు. దేశమంతటా పరీక్షలు పెడతామని ప్రభుత్వం మాటిచ్చింది మాత్రం 2000లో! ఇప్పుడు పది వారాల్లోపే పరీక్ష జరగాలన్నది లక్ష్యం.

అయినా మొదటి సూది ఆడదానికే. ఆసుపత్రికి వచ్చేది ఆవిడ కనక. ఆమెలో జన్యువు ఉందని తేలితేనే భర్తకు కబురు. సైప్రస్‌లో 1980లలో చర్చి పెళ్ళికి ముందే ఇద్దరి దగ్గరా పరీక్ష పత్రం అడగడం మొదలుపెట్టింది. నాకదే న్యాయంగా తోస్తుంది.

ఒకసారి బావామరదళ్ళ జంట వచ్చింది. ఆమెలో ఉందని తేలింది. "నాకేం రోగమండీ, రోజూ జిమ్‌కి వెళ్తాను" అన్నాడతను. ఆమె నాయనమ్మా, అతని అమ్మమ్మా ఒకే మనిషి. ఆవిడ నుంచి ఇద్దరికీ ఒకే జన్యువు దిగి ఉండొచ్చని డాక్టరు బొమ్మ గీసి చూపించింది. అతను రక్తమివ్వడానికి మరో రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఆ అమ్మాయి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

"అది ఏజెన్సీవాళ్ళ జబ్బు కదా" అని మనవాళ్ళు నాతో అంటుంటారు. సికిల్ సెల్ మాటకొస్తే మన మన్యంలో ఎక్కువే. మలేరియా ఉన్నచోట ఆ జన్యువు కొంత రక్షణ ఇచ్చింది కాబట్టి నిలిచిపోయింది. ఇండియాలో మొదట బయటపడింది 1952లో, నీలగిరి గిరిజనుల్లో. ప్రభుత్వం 2023 జూలైలో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన పథకం ముఖ్యంగా గిరిజన ప్రాంతాలకే. తలసీమియాకు మాత్రం కొండా మైదానమూ తేడా లేదు. మన పెళ్ళి బయోడేటాల్లో నక్షత్రం, పాదం, ఒక్కోసారి బ్లడ్ గ్రూపూ చూశాను. ఈ పరీక్ష రిపోర్టు జతచేసినది ఇంతవరకూ నా కంటపడలేదు.