మల్లె అంటు

మల్లె కొమ్మకు వేళ్లు పుట్టించి కొత్త మొక్కను తీసే పద్ధతి. ఇళ్లలో ఎక్కువగా చేసేది అంటు తొక్కడం. పెరటి మల్లె కాయ కాయడం అరుదు. దొంతరమల్లె వంటి ముద్ద రకాల్లో కేసరాలు రేకులుగా మారిపోవడంతో గింజ ఆశ దాదాపు ఉండదు. అంచేత ఏ ఇంటి మల్లె అయినా మరో ఇంటి మల్లెలోని ముక్కే.

కొమ్మలతో మొక్కలు పెంచడం మన దేశంలో పాత విద్య. 6వ శతాబ్ది నాటి వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయం పనస, దానిమ్మ, ద్రాక్షలతోపాటు పూలతీగ అతిముక్తాన్నీ పేర్కొని, వాటి కొమ్మకు పేడ పూసి నాటమంటుంది.

భూటాన్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు మల్లె పుట్టిల్లని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనుషుల చేతుల మీదుగా అది ఆగ్నేయాసియాకు చేరింది. 1934లో ఫిలిప్పీన్స్ దాన్ని జాతీయ పుష్పంగా ప్రకటించింది. ఐరోపా ప్రయాణం ఇంకా ఆసక్తికరం. 17వ శతాబ్ది చివర టస్కనీ పాలకుడు మూడవ కోసిమోకు గోవా నుంచి ముద్దమల్లె అందిందంటారు. ఫ్లోరెన్స్ దగ్గర కాస్టెల్లో తోటలో దానికోసం వెచ్చని గది కూడా ఉండేది. అంటు బయటికి పోకూడదని పాలకుడు ఆంక్ష పెట్టాడనీ, తోటమాలి ప్రియురాలికిచ్చిన రెమ్మ ఆమె కుండీలో చిగిర్చిందనీ ఒక కథ. నిజమో కాదో గానీ, కొమ్మ గుచ్చితే బతికే మొక్కను కాపలా పెట్టి దాచడం ఏ ప్రభువుకైనా కష్టమే.

ఇళ్లలో అంటు తొక్కే తీరు ఇది. వానాకాలంలో, ముదురూ లేతా కాని కొమ్మను నేలకు వంచి, కణుపు కింద బెరడుకు గాటు పెడతారు. ఆ భాగాన్ని మట్టిలో పూడ్చి, లేవకుండా పైన ఇటుక పెడతారు. మూడు నాలుగు నెలల్లో వేళ్లు వస్తాయి. అప్పుడు తల్లి నుంచి కోసి వేరే చోట నాటుతారు.

గాటు ఎందుకన్నది 20వ శతాబ్దిలో తేలింది. ఆకుల్లో తయారైన చక్కెరలూ, చిగుళ్లలో పుట్టే ఆక్సిన్ అనే హార్మోనూ బెరడు గుండా కిందికి దిగుతూ గాటు దగ్గర ఆగి పోగవుతాయి. అక్కడే వేళ్లు మొలుస్తాయి. 1928లో డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఆక్సిన్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. 1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ సంస్థకు చెందిన జిమ్మర్‌మన్, విల్కాక్సన్ ఇండోల్ బ్యుటైరిక్ ఆమ్లానికి వేళ్లు పుట్టించే శక్తి ఉందని చూపారు. నేడు నర్సరీల్లో కోసిన కొమ్మల మొదళ్లకు వాడే మందు ఇదే.

కొమ్మతో మొక్కను తీయడంలో ఒక లోపముంది: పుట్టేవన్నీ తల్లి నకళ్లే. మంచి గుణాలతోపాటు తెగుళ్లూ సంక్రమించవచ్చు గనుక తెగులు సోకిన మొక్క నుంచి అంటు తీయరాదు. కోసి నాటిన కొమ్మ వేళ్లు వచ్చేలోగా ఎండిపోవచ్చు. తొక్కిన అంటుకు అంతవరకూ తల్లే నీరందిస్తుంది కాబట్టి, ఇంట్లో ఒకటి రెండు మొక్కలు కావలసినవారికి మందు కొనే అవసరం లేదు.